శివారు పట్టణంలో అద్దె ఇల్లు: ఖాళీ చేసే షరతుల్ని ముందే తేల్చుకున్న ఒక కుటుంబం కేసు

అద్దెకు దిగబోయే కుటుంబాల తరఫున ఇళ్లు పరిశీలించడం, ఓనర్లతో మాట్లాడటం, అగ్రిమెంట్ రాయించడం నా పని. బ్రోకర్‌ని కాను. ఓనర్ల దగ్గర ఏమీ తీసుకోను. ఇక్కడ రాస్తున్న కేసు ఒక మహానగరానికి దూరంగా, రైలు లైను మీద ఉన్న చిన్న శివారు పట్టణంలోది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను, వాళ్లను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. అద్దెల్ని కూడా డబ్బుల్లో చెప్పను. నగరంలో వాళ్లు కట్టిన పాత అద్దెను 100 అనుకుని, మిగతావన్నీ దాంతో పోల్చి చెబుతాను.

ఈ కేసును ఎంచుకోవడానికి కారణం ఉంది. అద్దె ఎంత తగ్గించగలం అనే ప్రశ్నతో నా దగ్గరికి వచ్చిన వాళ్లలో ఎక్కువ మంది, చిన్న ఊళ్లో అసలు బేరమాడాల్సింది దేని మీదో ఆలోచించరు. ఈ కుటుంబం మాత్రం విన్నది, ఆలోచించింది, చివరిదాకా నిలబడింది.

కుటుంబం, వాళ్లు చూసుకున్న రెండు ఇళ్లు

భార్యాభర్తలు, పదేళ్ల పాప, ఆయన తల్లి. ఆయన ఆఫీసు నగరం నడిబొడ్డున. ఆవిడ ఇంటి నుంచే పని చేస్తారు, పగలంతా వీడియో కాల్స్ ఉంటాయి. పెద్దావిడకు మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం. నగరంలో అద్దె ఏటా పెరుగుతూ జీతంలో మూడో వంతు దాటిపోయింది. శివారుకు మారిపోదామని అనుకున్నారు.

నా దగ్గరికి వచ్చేటప్పటికే రెండు ఇళ్లు చూసుకున్నారు. ఒకటి విడి ఇల్లు. నేల మీదే, చుట్టూ కాస్త ఖాళీ స్థలం, అద్దె 58. రెండోది మూడంతస్తుల చిన్న బిల్డింగ్‌లో ఫస్ట్ ఫ్లోర్ ఫ్లాట్, లిఫ్ట్ లేదు, ఓనర్ కిందే ఉంటారు, అద్దె 70. నలుగురి మనసూ విడి ఇంటి మీదే ఉంది. మెట్లు లేవు కాబట్టి పెద్దావిడకు, ఖాళీ స్థలం ఉంది కాబట్టి పాపకు నచ్చింది. "ఆ 58ని 55 చేయిస్తే చాలండీ" అన్నారు ఆయన.

అద్దె సంగతి చివర చూద్దామని చెప్పాను. ముందు రెండు ఇళ్లనూ, రెండు దారుల్నీ చూడాలన్నాను.

చిన్న ఊరి మార్కెట్ వేరుగా నడుస్తుంది

నగరంలో దిగిన ఇల్లు బాగోకపోతే నాలుగు వీధుల అవతల ఇంకోటి దొరుకుతుంది. పిల్లల స్కూలు మారదు, బస్సు మారదు. శివారు పట్టణంలో అలా కాదు. ఒక కుటుంబం అవసరాలకు సరిపోయే ఇళ్లు ఏ సమయంలోనైనా రెండో మూడో ఖాళీగా ఉంటాయి. వాటిలో సగం ఏ వెబ్‌సైట్‌లోనూ కనిపించవు, నోటి మాటగానే చేతులు మారతాయి. ఇల్లు కుదరకపోతే చాలాసార్లు ఊరే వదలాలి. ఊరు వదిలితే పాప స్కూలు, రైలు పాసు, కొత్తగా కుదిరిన పనిమనిషి, అన్నీ మొదటికొస్తాయి.

కాబట్టి ఇలాంటి ఊళ్లో ఇల్లు తీసుకునేటప్పుడు నేను మొదట అడిగేది ఒక్కటే: తేడా వస్తే ఎలా బయటపడతారు? ఎంత నోటీసు ఇవ్వాలి, ఎంత నష్టపోతారు, డిపాజిట్ ఎన్నాళ్లకు తిరిగొస్తుంది? వీటికి సమాధానం లేనప్పుడు అద్దెలో మూడు పాయింట్లు తగ్గినా ఒరిగేదేమీ లేదు.

ఇదే మార్కెట్ ఓనర్‌ని కూడా ఇబ్బంది పెడుతుంది. అద్దెకొచ్చే వాళ్లూ తక్కువే కదా. ఇల్లు ఏడాదిలో ఒక్క నెల ఖాళీగా ఉంటే ఆ ఏడాది ఆదాయంలో 8.3 శాతం పోయినట్టే. రెండు నెలలైతే దాదాపు 17 శాతం. అద్దె 5 శాతం తగ్గించడం కంటే అది పెద్ద దెబ్బ. అనుభవం ఉన్న ఓనర్లకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించనక్కర్లేదు, వాళ్లకు తెలుసు. మనం అడిగే షరతులకు బలం అక్కడి నుంచే వస్తుంది. ఖాళీ నెలల భయాన్ని మనం తగ్గిస్తే, వాళ్లు మన బయటి దారిని సుగమం చేస్తారు.

దూరం లెక్క

నగరం మధ్య నుంచి దూరం వెళ్లే కొద్దీ అద్దె తగ్గడం, ఆ తగ్గుదల ప్రయాణ ఖర్చుకు పరిహారంలా పనిచేయడం గురించి ఆర్థికవేత్త విలియం అలోన్సో 1964లోనే సిద్ధాంతంగా చెప్పాడు. వినడానికి న్యాయంగా ఉంటుంది. అయితే అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రై అనే స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల సర్వే వివరాలు తీసుకుని చూస్తే, ఆ పరిహారం పూర్తిగా అందడం లేదని తేలింది. రోజూ ఎక్కువసేపు ప్రయాణించేవాళ్లు జీవితంలో తమకున్న సంతృప్తి తక్కువని చెప్పారు. అద్దె తగ్గిందన్న సంతోషం మొదట్లో ఉంటుంది, ప్రయాణం రోజూ ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన కుటుంబాల్లోనూ ఇదే చూస్తున్నాను.

అందుకని ఆయనతో ఒక పని చేయించాను. మామూలు పనిదినం రోజు ఉదయం ఆ ఊరి నుంచి ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం తిరిగి రమ్మన్నాను. సెలవు రోజు కారులో వెళ్లి చూసొస్తే ఏమీ తెలియదు. ఫ్లాట్ నుంచి స్టేషన్‌కు 900 మీటర్లు, నడక. విడి ఇంటి నుంచి రెండున్నర కిలోమీటర్లు, అంటే బండి, పార్కింగ్. రైలు ప్రయాణం 40 నిమిషాలు. రద్దీ వేళల్లో 20 నిమిషాలకొక రైలు, రాత్రి 8 దాటాక 40 నిమిషాలకొకటి. టైం చూసుకోకుండా స్టేషన్‌కు వెళ్తే సగటున ఆ వ్యవధిలో సగం నిలబడాలి. పగలు అది 10 నిమిషాలు, రాత్రి 20. అటు దిగాక పదిహేను నిమిషాల నడక. అన్నీ కలిపి రానూపోనూ రెండున్నర గంటలు దాటింది.

మనుషులు ఏ కాలంలోనైనా, ఏ వాహనం ఉన్నా రోజు మొత్తంలో సుమారు గంటసేపే ప్రయాణానికి కేటాయిస్తారని ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెసారె మార్కెట్టి 1994లో రాశాడు. అది సగటు మాత్రమే. దాన్ని రెండింతలు దాటిపోతున్నామంటే, ఆ భారం ఇంట్లో ఎవరో ఒకరి మీద పడుతుందని గుర్తుంచుకోవాలి. ఈ ఇంట్లో అయితే సాయంత్రాలన్నీ ఆవిడ మీద పడేవి. ఆయన ఆఫీసులో మాట్లాడి వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసేలా ఒప్పించుకున్నారు. మాటగా కాదు, మెయిల్‌లో రాయించుకున్నారు. అది కుదరకపోయి ఉంటే ఈ ఊరే వద్దని చెప్పేవాణ్ణి.

ఇక డబ్బు. అమెరికాలో అద్దె ఆదాయంలో 30 శాతం దాటకూడదనే లెక్క బాగా ప్రచారంలో ఉంది. సర్కారు ఇళ్ల అద్దెకు 1969లో పెట్టిన 25 శాతం పరిమితిని 1981లో 30కి పెంచడంతో అది స్థిరపడింది. షికాగోలోని సెంటర్ ఫర్ నెయిబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ ఇంటి ఖర్చును ఒక్కదాన్నే చూడటం తప్పని, ఇల్లూ ప్రయాణమూ కలిపి 45 శాతం లోపు ఉండాలని చెబుతుంది. శివారుకు మారేవాళ్లకు నేను వాడేది ఈ రెండో లెక్కే. మన కేసులో విడి ఇంటికి అద్దె 58, రైలు పాసు 6. స్టేషన్ దూరం కాబట్టి రెండో బండి తప్పదు, దాని కిస్తీ, పెట్రోలు, పార్కింగ్ కలిపి 14. మొత్తం 78. ఫ్లాట్‌కు అద్దె 70, పాసు 6, మొత్తం 76. 58కీ 70కీ మధ్య కనిపించిన పెద్ద తేడా తిరగబడింది.

రెండు ఇళ్లలో కనిపించినవి

ఇంటి లోపాల్ని నేను రెండు రకాలుగా విడదీస్తాను: కాగితం మీద రాసుకుని సరిచేయించుకోగలిగేవి, కట్టడంలోనే ఉండి ఎవరూ తొందరగా సరిచేయలేనివి. ఎంత లోపం అన్నదాని కంటే ఏ రకం లోపం అన్నది ముఖ్యం.

విడి ఇంట్లో పెద్దావిడ కోసం అనుకున్న గదిలో మూడు గోడలకు నడుము ఎత్తు వరకు కొత్త రంగు ఉంది. పైన అదే రంగు పాతబడి, ఒక వన్నె తేడాగా ఉంది. వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్తే, కొత్త రంగు ఉన్నంత మేర ప్లాస్టర్ డొల్లగా మోగింది. మంచం జరిపి చూస్తే వెనక గోడ అడుగున తెల్లటి పొడి పట్టి ఉంది. వేలితో రాస్తే రాలింది. నేలలోంచి చెమ్మ ఇటుకల సన్నటి రంధ్రాల గుండా పైకి ఎక్కి, నీళ్లు ఆరిపోయాక లవణాలు అలా మిగులుతాయి. ఇలా ఎక్కే చెమ్మ సాధారణంగా ఒక మీటరు ఎత్తుకు అటూ ఇటూగా ఆగిపోతుంది. కొత్త రంగు సరిగ్గా ఆ ఎత్తుకే వేశారు.

చెమ్మ అనగానే అందరూ ఒకటే అనుకుంటారు గానీ మూడు రకాలు ఉంటాయి. పైపు లీకైతే మరక గుండ్రంగా, అంచులు ముదురుగా ఉండి, నీళ్లు వాడినప్పుడు పెరుగుతుంది. గాలిలోని తేమ చల్లటి గోడ మీద నీరైతే గది మూలల్లో, బీరువా వెనక, పైభాగంలో నల్లటి బూజు చుక్కలు వస్తాయి. మొదటిదాన్ని ప్లంబర్ సరిచేస్తాడు. రెండోదాన్ని కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి చాలావరకు తగ్గించుకోవచ్చు. నేల నుంచి ఎక్కే చెమ్మకు మాత్రం గోడ అడుగున చెమ్మను ఆపే పొర వేయాలి. అద్దెకున్న ఇంట్లో, మనుషులు ఉండగా, ఏ ఓనరూ ఆ పని పెట్టుకోడు. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉండేవాళ్లకు శ్వాస సమస్యలు, ఆస్తమా ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో ఉంది. రోజంతా ఆ గదిలో గడపబోయేది పెద్దావిడ.

ఓనర్ మంచివాడే. అడిగితే దాచకుండా "వానల తర్వాత కాస్త వస్తుంది, మళ్లీ రంగేయిస్తాను" అన్నాడు. రంగుతో పోయేది కాదు. ఆ ఇంటిని వదిలేద్దామని సలహా ఇచ్చాను.

ఫ్లాట్ గోడలు పొడిగా ఉన్నాయి. కుళాయి కింద పది లీటర్ల బకెట్ పెడితే నిమిషం లోపే నిండింది. పై ట్యాంకు ఎనిమిది మీటర్లు పైన ఉంది కాబట్టి ఒత్తిడి బాగుంటుంది. పది మీటర్ల నీటి ఎత్తుకు సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. అదే టాప్ ఫ్లోర్‌లో ట్యాంకుకు రెండు మీటర్ల కింద షవర్ ఉంటే వచ్చేది 0.2 బార్ మాత్రమే. పై అంతస్తు చూసేవాళ్లు ఇది తప్పకుండా పరీక్షించాలి.

చిక్కు కరెంటు దగ్గర బయటపడింది. ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపేసి కిందికి దిగి మీటరు చూశాను. ఎర్ర లైటు ఇంకా వెలుగుతూ ఆరుతోంది. ఇల్లంతా చీకటిగా ఉన్నప్పుడు అది ఆగిపోవాలి. మీటరు మీద ఒక యూనిట్‌కు 3200 మెరుపులని రాసి ఉంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే సెకనుకు కొంచెం ఎక్కువ వ్యవధిలో ఒక్కో మెరుపు వస్తోంది. గంటకు 3600 సెకన్లు కాబట్టి, 3200 మెరుపులకు దగ్గరగా వస్తే దాదాపు ఒక కిలోవాట్ లోడు నడుస్తోందని అర్థం. ఒక హార్స్‌పవర్ నీళ్ల మోటారు, దాని నష్టాలతో కలిపి, అంతే తీసుకుంటుంది. అప్పుడే వెనక మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. బిల్డింగ్ మొత్తానికి నీళ్లు ఎక్కించే మోటారు ఈ ఫ్లాట్ మీటరు మీద నడుస్తోంది. ఎప్పుడో ఎలక్ట్రీషియన్ తన సౌకర్యం కోసం అలా కలిపేశాడు, ఓనర్‌కు కూడా తెలియదు. పాత అద్దెదారు ఎన్నాళ్లు ఆ బిల్లు కట్టాడో.

ఇది కాగితం మీద రాసుకుని సరిచేయించుకోగలిగిన లోపం. ఒక పూట వైరింగ్ పని.

మెట్ల విషయం పెద్దావిడే తేల్చారు. ఆమెను తీసుకొచ్చి ఎక్కమన్నాం. సగంలో ఆగి, గోడ మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. "ఇటువైపు కూడా పట్టుకోడానికి ఏదైనా ఉంటే ఎక్కుతాను నాయనా. దిగేటప్పుడే భయం" అన్నారు. ఆ మాట అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. రెయిలింగ్ ఒకవైపే ఉంది, ఆమెకు నొప్పి ఎక్కువున్న కాలు రెండోవైపు. గోడ వైపు కూడా ఒక కమ్మీ బిగించాలన్నది మన షరతుల జాబితాలో చేరింది.

అగ్రిమెంట్ మీద మాటలు

ఓనర్ ఇచ్చిన డ్రాఫ్ట్ ఎక్కడి నుంచో తెచ్చిన పాత నమూనా. కాలపరిమితి రెండేళ్లు. ఆ రెండేళ్లూ అద్దెదారు ఖాళీ చేయకూడదు, చేస్తే మిగిలిన నెలల అద్దె కట్టాలి. ఓనర్ మాత్రం ఒక నెల నోటీసుతో ఖాళీ చేయించవచ్చు. డిపాజిట్ ఆరు నెలలు. రిపేర్లన్నీ అద్దెదారువే.

అద్దె తగ్గించమని మేం అడగలేదు. 70 సరేనన్నాం. ఖాళీ చేసే షరతు మీద మాట్లాడటం మొదలుపెట్టగానే ఆయనకు చిరాకు వచ్చింది.

"ఇంకా పాలు కూడా పొంగించలేదు, అప్పుడే వెళ్లిపోవడం గురించేంటండీ?"

నేను ఆయన పాత అనుభవం అడిగాను. అంతకుముందున్న కుటుంబం ఉన్నట్టుండి వెళ్లిపోతే నాలుగు నెలలు ఇల్లు ఖాళీగా పడి ఉందట. ఆయన టెన్షన్ అదీ. రెండేళ్ల లాకిన్, అంటే ఖాళీ చేయకూడని గడువు, అందుకే పెట్టారు. కానీ లాకిన్ ఉన్నంత మాత్రాన వెళ్లేవాళ్లు ఆగరు. వెళ్లాక మిగిలిన అద్దె కోసం కోర్టు చుట్టూ తిరిగే ఓపిక ఆయనకూ లేదు. అందుకని ఆయనకు నిజంగా పనికొచ్చేది ఇచ్చాం: నోటీసు ఇచ్చిన రోజు నుంచి, ఒక రోజు ముందు చెప్పి, కొత్తవాళ్లకు ఇల్లు చూపించుకోవచ్చు. ఇల్లు శుభ్రంగా ఉంచి చూపించే బాధ్యత అద్దెదారుది. రెండు నెలల నోటీసులో మనుషులు దొరికితే ఇల్లు ఒక్క నెల కూడా ఖాళీగా ఉండదు. ఇది వినగానే ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

చివరికి కుదిరిన షరతులు ఇవీ. లాకిన్ ఇద్దరికీ ఆరు నెలలు. ఆ తర్వాత ఎవరైనా రెండు నెలల నోటీసు ఇవ్వవచ్చు. ఓనర్ ఇచ్చే నోటీసు మాత్రం స్కూలు సెలవుల్లో ముగిసేలా ఉండాలి. లాకిన్‌లోనే వెళ్లాల్సి వస్తే, ఓనర్‌కు సమ్మతమైన వేరే అద్దెదారును తెచ్చి పెట్టవచ్చు, కొత్తవాళ్లు దిగిన రోజుతో పాతవాళ్ల బాధ్యత ముగుస్తుంది. సరైన కారణం లేకుండా ఓనర్ కాదనకూడదు. ఇళ్లు తక్కువగా దొరికే ఊళ్లో ఈ ఒక్క వాక్యం నెలల అద్దెను కాపాడుతుంది. దీన్ని ప్రతి అగ్రిమెంట్‌లోనూ పెట్టించడానికి చూస్తాను.

డిపాజిట్ దగ్గర కొంచెం పట్టుబట్టాల్సి వచ్చింది. ఎంత డిపాజిట్ న్యాయం అనేది దేశాన్ని బట్టి మారుతుంది. జర్మనీ సివిల్ కోడ్ మూడు నెలల అద్దెకు మించకూడదంటుంది, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఇస్తుంది. ఇంగ్లండ్‌లో 2019 చట్టం ఎక్కువ ఇళ్లకు ఐదు వారాల అద్దె దగ్గర ఆపేసింది. 2007 నుంచే అక్కడ డిపాజిట్‌ను గుర్తింపు పొందిన పథకంలో భద్రపరచాలి. భారత కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు రెండు నెలలంటుంది, అయితే రాష్ట్రాలు స్వీకరిస్తేనే అది అమలవుతుంది. ఇవన్నీ చూపించి రెండు నెలలకు ఒప్పించాం. ఎంత అన్నదానితో పాటు ఎప్పుడు తిరిగిస్తారన్నదీ రాయించాం: తాళాలు ఇచ్చిన పదిహేను రోజుల్లో, కోత ఉంటే బిల్లులతో సహా.

రిపేర్లు విడదీశాం. గోడలు, పైకప్పు, గోడలోపలి పైపులు, మెయిన్ వైరింగ్, మోటారు ఓనర్‌వి. బల్బులు, కుళాయి వాషర్లు, అద్దెదారు చేతుల్లో పాడైనవి అద్దెదారువి. నీళ్లూ కరెంటూ ఆగిపోతే 48 గంటలు, మిగతా వాటికి వారం. ఆ లోపు ఓనర్ చేయించకపోతే అద్దెదారు చేయించుకుని, బిల్లు చూపించి అద్దెలో తగ్గించుకోవచ్చు, సగం నెల అద్దె వరకు. రాసుకోకుండా సొంతంగా అద్దె కోసుకుంటే చాలా చోట్ల అది అద్దె ఎగవేత కింద లెక్కకొస్తుంది, ఖాళీ చేయించడానికి కారణమవుతుంది. కాబట్టి ఈ వాక్యం కాగితం మీద ఉండి తీరాలి.

ఇల్లు అమ్మితే ఏమవుతుందనేదీ రాయించాం. అమ్మకంతో అద్దె ఒప్పందం తెగిపోదని జర్మనీ చట్టం స్పష్టంగానే చెబుతుంది. కానీ అన్ని చోట్లా ఒకే నియమం ఉండదు, తాకట్టులో ఉన్న ఇళ్లకు చిక్కులు వేరు. కొన్నవాళ్లు ఇదే అగ్రిమెంట్‌ను కొనసాగించాలని, డిపాజిట్ వాళ్లకు బదిలీ అయినట్టు రాసివ్వాలని ఒక పేరా చేర్చాం.

కమ్మీ బిగించడం, మోటారును వేరే మీటరుకు మార్చడం తాళాలు ఇచ్చేలోపే జరగాలని రాశాం. తర్వాత చేస్తానన్న పనులు చిన్న ఊళ్లో చాలాకాలం తర్వాతే ఉంటాయి, ఎందుకంటే ఎలక్ట్రీషియన్లూ ఒకరిద్దరే ఉంటారు. దిగిన రోజు మీటరు రీడింగ్, ప్రతి గది వీడియో, ఉన్న పగుళ్ల దగ్గర స్కేలు పెట్టి తీసిన ఫొటోలు ఇద్దరి ఫోన్లలోకీ వెళ్లాయి. ఒక పేజీ కాగితం మీద ఇద్దరూ సంతకం చేశారు.

తర్వాత ఏం జరిగింది

దిగిన కొన్ని నెలలకే మోటారు కాలిపోయింది. ఓనర్ ఊళ్లో లేరు. ఆవిడ ఫోన్ చేసి, మెసేజ్ కూడా పెట్టి, 48 గంటలు ఆగి రీవైండింగ్ చేయించారు. బిల్లు పంపి, ఆ మేరకు తగ్గించి అద్దె వేశారు. ఓనర్ ఒక్క మాట అనలేదు. పై అంతస్తు వాళ్లే ఆశ్చర్యపోయారట, వాళ్ల అగ్రిమెంట్‌లో ఆ వాక్యం లేదు.

అంతా సాఫీగా జరిగిందని చెప్పలేను. పడమటి వైపు గది ఎండాకాలం సాయంత్రాలు కొలిమిలా ఉండేది. ఆవిడ ఆఫీసు గది అదే. ఇల్లు చూసేటప్పుడు ఉదయం పూటే చూడటం వల్ల వాళ్లకు అంచనా అందలేదు. నా రిపోర్టులో ఆ గది వేడెక్కుతుందని రాశాను, దాని బదులు వేరే గది వాడుకోమనీ రాశాను. కానీ ఇంటర్నెట్ లైను అక్కడే వచ్చింది. చివరికి మందపాటి కర్టెన్లు, కిటికీకి బయటి నుంచి నీడ తెర వేసుకున్నారు. ఎండను అద్దం లోపల ఆపడం కంటే బయటే ఆపితే గది బాగా చల్లబడుతుంది. ఓనర్ కింద ఉండటం వల్ల వచ్చిన ఇబ్బందీ ఉంది. చుట్టాలు వచ్చిన ప్రతిసారీ ఎవరు, ఎన్నాళ్లు అని అడిగేవారు. దాన్ని ఏ షరతూ ఆపలేకపోయింది. పెద్దావిడే ఆయన భార్యతో స్నేహం చేసుకుని మెల్లగా తగ్గించారు.

ఏడాది దాటాక ఆయన ఆఫీసు నగరానికి అవతలి కొసకు మారింది. రెండున్నర గంటలు నాలుగు గంటలయ్యేవి. ఆ రాత్రే నాకు ఫోన్ చేశారు. గొంతులో కంగారు లేదు, లెక్క అడిగారు: ఇప్పుడు నోటీసిస్తే సెలవుల్లో మారగలమా అని. మారగలరు. లాకిన్ అయిపోయింది కాబట్టి కట్టాల్సిన పరిహారం లేదు. పాత డ్రాఫ్ట్ మీదే సంతకం చేసి ఉంటే ఇంకా చాలా నెలల అద్దె వాళ్ల మీద పడేది.

నోటీసు కాలంలో ఓనర్ వరుసగా మనుషుల్ని తెచ్చి చూపించారు. వీళ్లు ఖాళీ చేసిన వారం లోపే కొత్త కుటుంబం దిగింది. డిపాజిట్ దగ్గర ఆయన మొత్తం ఇంటికి రంగు ఖర్చు కోస్తానన్నారు. దిగిన రోజు వీడియో తెరిచాం. హాల్లో రంగు అప్పటికే వెలిసి ఉంది. మనుషులు మామూలుగా ఉన్నందుకు పడే అరుగుదల, వెలిసిన రంగు, తలుపుల పిడుల దగ్గర మచ్చలు అద్దెదారు ఖాతాలోకి రావు. అద్దెదారు చేసిన నష్టమే వస్తుంది. అగ్రిమెంట్‌లో ఆ తేడా రాసి ఉంది. ఆవిడ గదిలో కర్టెన్ రాడ్ల కోసం వేసిన రంధ్రాలు పూడ్చడానికి అయ్యే ఖర్చు మాత్రం మేమే ఒప్పుకుని ఇచ్చాం. మిగతా డబ్బు గడువులోనే వచ్చింది.

వేరే అద్దెదారును తెచ్చే షరతు, అమ్మకం గురించిన పేరా ఈ కేసులో వాడనే లేదు. వాటిని రాయించడానికి కాస్త సమయం, ఓనర్‌తో ఇంకో రెండు మాటలు తప్ప ఖర్చేమీ కాలేదు.

ఈ పద్ధతి ఎవరికి సరిపోదు

ఈ కుటుంబానికి ఉద్యోగం మారే అవకాశం ఎక్కువ, అందుకే తేలిగ్గా బయటపడే షరతుల మీద నా బలమంతా పెట్టాను. ఆ ఊళ్లోనే స్కూలు, ఆ ఊళ్లోనే పని, పదేళ్లు ఉండాలనుకునే కుటుంబం వస్తే బేరం తిరగబడాలి. అక్కడ రెండు నెలల నోటీసు అద్దెదారు కంటే ఓనర్‌కే ఎక్కువ ఉపయోగం. అలాంటి వాళ్లకు ఓనర్ వైపు లాకిన్ రెండు మూడేళ్లు ఉండాలి, అద్దెదారు వైపు తక్కువ ఉండాలి. ఏటా అద్దె ఎంత శాతం పెరగవచ్చో ముందే రాసుకోవాలి. ఆ శాతం లేకుండా 'మార్కెట్ ప్రకారం' అని రాసిన అగ్రిమెంట్లు నా దగ్గరికి చాలా వస్తాయి. రెండే ఇళ్లు ఖాళీగా ఉన్న ఊళ్లో మార్కెట్ ధర అంటే ఓనర్ ఎంతంటే అంత, కాబట్టి ఆ వాక్యం కొట్టేయించి అంకె వేయిస్తాను. ఓనర్ ఒప్పుకోకపోతే, అద్దె కాస్త ఎక్కువైనా అంకె రాసిచ్చే ఇంకో ఇంటికి వెళ్లమని చెబుతున్నాను.